మా అత్తగారి జపమాలలో రెండో సగం

పెద్ద కతోలిక కుటుంబానికి కోడలిగా వెళ్లబోతున్నానని, కాబోయే అత్తగారు గొప్ప భక్తురాలని, ఇంటిల్లిపాదీ ఆవిడ మాట మీదే నడుస్తారని, అలాంటి ఇంట్లో ఎలా ఉంటుందో, మతం మారమంటారేమోనని భయంగా ఉందని మీరు రాశారు. నేను విజయనగరంలో హిందూ కుటుంబంలో పుట్టి, పలాస దగ్గర ఉద్దానంలోని ఒక పల్లెకు అలాంటి ఇంటికే మూడో కోడలిగా వెళ్లాను. మా అత్తగారు 2022లో కన్నుమూసేవరకు ఇరవై రెండేళ్లు ఆవిడతో కలిసి బతికాను కనుక, నేను చూసింది చెబుతాను.

ముందు మీ భయం సంగతి. జ్ఞానస్నానం పొందని వారిని కతోలికులు పెళ్లి చేసుకోవాలంటే మేత్రాసనం, అంటే బిషప్పుగారి కార్యాలయం, నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. అది ఉంటే మతం మారకుండానే కతోలిక గుడిలో పెళ్లి జరుగుతుంది. మా పెళ్లి అలాగే జరిగింది, విచారణ గురువుల (మా ఊరి చర్చి ఫాదర్ల) చుట్టూ తిరిగి ఆ కాగితాలు పెట్టించింది మా అత్తగారే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పుట్టింటికి వెళ్తానంటే ఆవిడ ఏనాడూ కాదనలేదు సరికదా, జీడిపప్పు పొట్లం కట్టి చేతికిచ్చి, "మీ అమ్మని అడిగినానని సెప్పు" అని పంపేవారు.

ఆవిడ 1943లో పుట్టారు. చిన్నతనంలో పూజ లాటిన్‌లో జరిగేదట. గురువు "దోమినుస్ వోబిస్కుమ్" అనగానే "ఎత్ కుమ్ స్పిరితు తువో" అని బదులు చెప్పడం కంఠతా వచ్చింది కానీ అర్థం తెలియదు. 1962-65 నాటి రెండవ వాటికన్ మహాసభ తరువాత పూజ తెలుగులోకి వచ్చినప్పుడు, "ఏటి అడుగుతున్నామో అప్పుడు గదా తెలిసింది" అనేవారు. ఒకరు మొదలుపెడితే మరొకరు బదులు పలికితేనే అది ప్రార్థన అవుతుందని ఆవిడ నమ్మకం. ఇంటిని నడిపింది కూడా ఆ పద్ధతిలోనే.

మామగారు పోయేనాటికి ఆవిడకు నలభై అయిదేళ్లు, ఏడుగురు పిల్లలు. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లి వాళ్లను పెంచారు. పెంకులోని నూనె తగిలి వేళ్ల చివర్లు ఎంత నల్లబడ్డాయంటే, పని మానేసిన పదేళ్లకు కూడా, సాయంత్రం దీపం దగ్గర తెల్లటి జపమాల పూసల మీద ఆ వేళ్లు కదులుతుంటే బొగ్గు ముక్కల్లా కనిపించేవి.

మా ఇంట్లో రాత్రి ఏడింటికి జపమాల. ఒకరు "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదటి సగం చెబితే, మిగిలినవారు "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అని రెండో సగం పలకాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను పడగొట్టినప్పుడు మా ఉమ్మడి తోట కూడా నేలమట్టమైంది. పాసుపుస్తకం పెద్దబావగారి పేరున ఉండడంతో పరిహారం ఆయన ఖాతాలో పడింది. పంపకం దగ్గర మావారికీ ఆయనకూ మాటలు ఆగిపోయాయి. నేను కూడా మావారి పక్షాన నిలబడి అనకూడని మాటలు అన్నాను. అది నా తప్పే.

అత్తగారు పంచాయతీ పెట్టలేదు. ఒక రాత్రి జపమాల దగ్గర మొదటి సగం పెద్దబావగారిని చెప్పమని, రెండో సగం మావారిని ఒక్కరినే పలకమని, మిగిలినవారు మనసులో చెప్పుకోండని అన్నారు. బావగారు మొదలుపెట్టారు. మావారు నోరు విప్పలేదు. ఆవిడ తిట్టలేదు, బతిమాలలేదు. పూసను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయారు. పొయ్యి మీద అన్నం చల్లారిపోయింది, పిల్లలు నిద్రకు తూలుతున్నారు. చాలాసేపటికి మావారు గొంతు సవరించుకుని బదులు పలికారు. యాభైమూడు పూసలూ ఆ ఇద్దరే పూర్తి చేశారు, ఆ తరువాత రాత్రుళ్లు కూడా. వారం తిరక్కుండానే, పడిన చెట్లను కోయించడానికి ఎవరిని పిలవాలన్న మాట వాళ్ల మధ్య వచ్చింది. క్రిస్మస్ వెళ్లాక డబ్బును ఏడు వాటాలు చేశారు. ఆడపిల్లల వాటా తీయకుండా డబ్బు ముట్టనని ఆవిడే పట్టుబట్టారు.

శ్రీసభ (కతోలిక సంఘం) నియమాలను ఇంటిని కలిపే తాళ్లుగా వాడుకోవడం ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. జ్ఞానస్నానం వేళ బిడ్డ బాధ్యత తీసుకునే జ్ఞాన తల్లిదండ్రులుగా కన్నవారు ఉండకూడదు కదా, అందుకని పుట్టిన ప్రతి మనవడికీ, మనవరాలికీ ఆ సమయంలో అలిగి ఉన్న ఇంటి నుంచే జ్ఞానతల్లినో జ్ఞానతండ్రినో ఎంచేవారు. మా పెద్దమ్మాయికి జ్ఞానతండ్రి పెద్దబావగారే.

ఒక విషయంలో మాత్రం ఆవిడది పొరపాటని ఇప్పటికీ అనుకుంటాను. ఉపవాస నియమం యాభై తొమ్మిదేళ్లు నిండేవరకే వర్తిస్తుంది; విచారణ గురువులు అదే చెప్పారు. షుగరుకు మాత్రలు వేసుకుంటూ కూడా ఆవిడ డెబ్బై దాటాక ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం శుక్రవారాలన్నీ చోడి అంబలితోనే గడిపేవారు. ఒక పవిత్ర శుక్రవారం పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయారు. ఎంత ప్రేమ ఉన్నా, ఆ పట్టుదల దగ్గర మీరు గట్టిగా మాట్లాడవలసి వస్తుంది, మాట్లాడండి. నేను ఆలస్యంగా మాట్లాడాను.

జ్ఞానస్నానం నేను పెళ్లైన ఆరేళ్లకు, నాకై నేను అడిగి పొందాను. అప్పటివరకు ఆ మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. మీరు వెళ్లిన మొదటి సాయంత్రం జపమాల వేళకు వంటింట్లో ఉండిపోకుండా వచ్చి పీట వేసుకుని కూర్చోండి. ప్రార్థన రాకపోయినా పరవాలేదు. రెండో సగం వింటూనే వచ్చేస్తుంది. నాకు పదకొండో రోజుకు వచ్చింది.