సంపు మట్టం ఒకటి కాదు, 29

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ సంపు 24 వేల లీటర్లు పడుతుంది, ఒక్కో ట్యాంకర్ 12 వేల లీటర్లు తెస్తుంది. రోజు వాడకం (వేల లీటర్లలో) పొద్దున 5, మధ్యాహ్నం 2, సాయంత్రం 4, రాత్రి 1. వారానికి కనీసం ఎన్ని ట్యాంకర్లు కావాలో మినీజింక్‌లో (షరతులు రాసిస్తే వాటికి సరిపడే జవాబు వెతికించే భాష) తేలుద్దామని ‘మట్టం = మట్టం + 12 − వాడకం’ అని రాశాను. పరిష్కారం లేదంటోంది. పైథాన్‌లో ఈ వరసే నడుస్తుంది కదండీ?

జవాబు: పైథాన్‌లో అది ఆజ్ఞ, మినీజింక్‌లో సమీకరణం. రెండు వైపులా మట్టం కొట్టేస్తే మిగిలేది ‘వాడకం = 12’. మీ వాడకం ఏ పూటా 12 లేదు. కన్‌స్ట్రెయింట్ (షరతుల) మోడల్లో చలరాశికి జవాబు మొత్తం మీద ఒకటే విలువ, అది మారదు. మారే మట్టానికి పూటకో చలరాశి కావాలి. రోజుకు 4 పూటలు, 7 రోజులు, మొదటి మట్టంతో కలిపి 29.

మట్టం[0] = 14 (ఇప్పుడున్నది ఇదే అనుకుందాం)
మట్టం[ట] = మట్టం[ట−1] + 12 × ట్యాంకర్[ట] − వాడకం[ట]

ఇక్కడ ట అంటే 1 నుంచి 28 వరకు పూట సంఖ్య, అంకెలన్నీ వేల లీటర్లలో. ట్యాంకర్[ట] ఆ పూట ట్యాంకర్ వస్తే 1, లేకపోతే 0. ఫుట్‌వాల్వ్ (మోటారు నీళ్లు పీల్చే గొట్టం అడుగున ఉండే వాల్వ్) నీటి పైకి తేలకుండా మట్టం పరిధి 2 నుంచి 24 పెట్టండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. పూట చివరి మట్టమే చూస్తే సంపు పొంగినా మోడల్‌కు తెలియదు: 16 ఉండగా ట్యాంకర్ వస్తే 28, అందులో 5 వాడితే 23, సాల్వర్ (జవాబు వెతికే ప్రోగ్రామ్) సరేనంటుంది. అందుకే మట్టం[ట−1] + 12 × ట్యాంకర్[ట] ≤ 24 అని విడిగా రాయాలి. చివరి పూటకూ షరతు కావాలి. లేకపోతే 6 ట్యాంకర్లతో సరిపెట్టి, వారం చివర మీకు 2 వేల లీటర్లు మిగులుస్తుంది. మట్టం[28] ≥ 14 అంటే జవాబు 7.

రేపు బోరు మోటారునూ చేరుస్తారు. ‘ఆన్ నొక్కితే 1, ఆఫ్ నొక్కితే 0’ అని రాసి ఊరుకోకండి. ఏదీ నొక్కని పూట మోటారును సాల్వర్ తనకు లాభమైనట్టు తిప్పుకుంటుంది. కృత్రిమ మేధ పరిశోధకులు మెకార్తీ, హేస్ 1969లో ఫ్రేమ్ ప్రాబ్లమ్ అన్నది దీన్నే. ఏదీ నొక్కకపోతే మోటారు[ట] = మోటారు[ట−1] అని కూడా చెప్పాలి.

ప్రశ్న: ఇలాంటి లెక్కే నిమిషాల్లో కావాలి. వారానికి 10,080 మట్టాలు పెడితే ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్ సాల్వర్ నత్తనడక నడుస్తోంది. (పెరంబూరు పాఠకుడు)

జవాబు: ఏమీ జరగని నిమిషానికి చలరాశి దండగ. సీపీ-శాట్‌లో యాడ్ రిజర్వాయర్ కన్‌స్ట్రెయింట్ విత్ యాక్టివ్ అనే ఫంక్షన్ వాడండి. ప్రతి సంఘటనకూ సమయం, మార్పు, అది జరిగిందా లేదా అన్న బూలియన్ (1 లేదా 0) ఇస్తే చాలు. ట్యాంకర్ +12, వాడకం −5, ఇలా. రిజర్వాయర్ 0తో మొదలవుతుంది కాబట్టి ఉన్న నీటిని 0వ నిమిషపు సంఘటనగా వేయాలి. కనిష్ఠం 0 కంటే ఎక్కువ ఇస్తే ఒప్పుకోదు. మీదీ పై సంపు లాంటిదే అయితే ఫుట్‌వాల్వ్ పైనున్న నీటినే కొలవండి: మొదట 12, గరిష్ఠం 22, కనిష్ఠం 0.

ఒకే నిమిషంలో పడే మార్పులను అది కలిపి చూస్తుంది. పైన చెప్పిన 16 + 12 − 5 పొంగు మళ్లీ పట్టుబడకుండా జారిపోతుంది. ట్యాంకర్ నిమిషం ఏ వాడకం నిమిషంతోనూ సమానం కాకూడదని రాస్తే పొంగు దొరికిపోతుంది.