బీరపువ్వు విచ్చే వేళ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

రోజులన్నీ ఒకేలా గడిచిపోతున్నాయని, ఇన్ని ఉండి కూడా మనసులో కృతజ్ఞత కలగనందుకు నిన్ను నువ్వే నిందించుకుంటున్నావని రాసిన నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ నింద మానుకో తల్లీ. కృతజ్ఞత అనే మాటను విడదీసి చూస్తే, చేసినదాన్ని ఎరిగి ఉండటం అని అర్థం వస్తుంది. ఆ మాటలో సంతోషించి తీరాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. ఎరుక ముందు కలిగితే, సంతోషం దాని వెనుకే, కొన్నిసార్లు చాలా ఆలస్యంగా, వస్తుంది.

నీ బాల్కనీలో ఐదారు గంటలు ఎండ పడుతుందన్నావు కనుక ఒక బీరపాదు పెట్టు. మూరెడు లోతున్న కుండీలో ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి, అడుగున నీరు పోయే రంధ్రం ఉందో లేదో చూసుకుని, రెండు గింజలు నాటు. వారం తిరిగేసరికి మొలక కనిపిస్తుంది, నలభై రోజులకు అటూ ఇటూగా పూత మొదలవుతుంది. తొలిపూత చాలావరకు మగపూలే, అవి రాలిపోతుంటే కంగారుపడవద్దు. తరువాత వచ్చే ఆడపువ్వు వెనుక చిన్న పిందె ముందుగానే ఉంటుంది. నేతిబీర తెల్లవారుజామున పూస్తే, బీరపువ్వు పొద్దువాలే వేళ విచ్చుకుంటుంది. నువ్వు ఆఫీసు నుంచి ఇల్లు చేరే సమయం అదే కనుక నీకు బీరనే చెప్పాను. అంత ఎత్తున ఉన్న అంతస్తుకు రెక్కల పురుగులు రాకపోవచ్చు. అప్పుడు మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. ఈ పని ఒక్కసారి నీ చేత్తో చేశావంటే, రైతుబజారులో కాయను బేరమాడేటప్పుడు దాని వెనుక ఎంత పని జరిగి ఉంటుందో నీకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

పాదుకు పోసే చెంబెడు నీటి సంగతి కూడా తెలుసుకో. హైదరాబాదుకు వచ్చే కృష్ణా నీరు నాగార్జునసాగర్ జలాశయం నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, దారిలో పంపులు ఎత్తిపోస్తే నగరానికి చేరుతోంది. ఆ పంపుల దగ్గర రాత్రంతా మేలుకునే వారిని మనం ఎన్నడూ చూడం, కానీ కుళాయి తిప్పినప్పుడల్లా వారి పని మన చేతిలో పడుతుంది.

మీ పెదనాన్నగారు కాలం చేసిన ఏడాది నేను పెరటివైపు వెళ్ళడమే మానుకున్నాను. ఒకనాడు పోపులోకి నాలుగు రెబ్బలు కోద్దామని వెళితే, కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే గొంగళిపురుగులు ఉన్నాయి. అంతకు ముందైతే దులిపి తొక్కేసేదాన్ని. ఆ రోజు ఎందుకో చేయి రాలేదు. మరునాడు వెళ్ళి చూశాను, ఆ మరునాడూ చూశాను. అవి పచ్చగా మారాయి, పుల్లతో తాకితే తల వెనుక నుంచి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటైన వాసన వదిలాయి. ఒకటి కొమ్మకు గూడు కట్టుకుంది, పది పదిహేను రోజులకు అందులోంచి సీతాకోకచిలుక వచ్చి, రెక్కలు ఆరేదాకా అక్కడే వేలాడింది. పురుగులు తిన్న కొమ్మలేమో పక్కల నుంచి మళ్ళీ చిగిర్చాయి. నా దుఃఖం తీరిందని చెప్పను. అయితే రేపు ఏం జరుగుతుందో చూడాలన్న కోరిక చాలా నెలల తరువాత ఆ చెట్టు దగ్గరే కలిగింది.

అందుచేత పడుకునే ముందు ఒక చిన్న పుస్తకంలో ఆ రోజు చూసినది ఒక్క వాక్యంగా రాసుకో. "అన్నింటికీ ధన్యురాలిని" అని రాస్తే వారంలోపే ఆ మాట అరిగిపోతుంది. "రెండో ఆడపువ్వు విచ్చింది, చెత్త తీసుకెళ్ళే ఆవిడ పాదు ఎండిపోతోందని నాకంటే ముందు గమనించి చెప్పింది" అని రాస్తే, మరునాడు ఆవిడను ఆపి మాట్లాడాలనిపిస్తుంది. ఇంకొక్క మాట: పక్కవారి కష్టం చూసి మనం నయమనుకోవడాన్ని కృతజ్ఞత అనుకోవద్దు. మన వాళ్ళు ఓదార్పుగా ఆ మాట అంటూనే ఉంటారు, నాకు మాత్రం అది ఎన్నడూ రుచించలేదు. ఒంట్లో బాగోని రోజున, మనసు విరిగిన రోజున ఏమీ రాయకపోయినా పరవాలేదు, పాదుకు నీళ్ళు పోయడం మాత్రం మానకు.

ఈ ఉత్తరంతో పాటు మన పెరటి నాటు చిక్కుడు గింజలు పంపుతున్నాను. ఆషాఢంలో పెడితే తీగ గుబురుగా అల్లుకుని నెలల తరబడి ఒక్క పువ్వు కూడా పూయదు. పెరికేయాలనిపిస్తుంది, పెరకవద్దు. పగలు కురచై రాత్రి పొడుగైతే తప్ప నాటు చిక్కుడు పూతకు రాదు, చలి మొదలయ్యాక గుత్తులు గుత్తులుగా పూస్తుంది. రథసప్తమి నాటికి కాయలతో రథం కట్టడానికి, ఆకుల్లో పరమాన్నం పెట్టడానికి సరిపడా ఉంటుంది. ఆ వేళకు నేను కూడా మీ ఇంటికి వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ