బొటనవేలి వాపు, తాతయ్య చెవి

కావలి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు నుంచి మీ నాన్న ఫోన్ చేశాడు. అర్ధరాత్రి కాలి బొటనవేలు వాచి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టావట. గౌట్ అని తేలాక ఇంట్లో చేపల పులుసు మానేశారట. అంతా నీ నోటి రుచి వల్లే వచ్చిందని మీ అమ్మ అంటోందట. ఆ మాట నేను ఇరవై ఏళ్లు పడ్డాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పక్కింటాయన వారంలో నాలుగు రోజులు రొయ్యలు, మిగతా రోజులు ఎండు నెత్తళ్లు తింటాడు. ఆయన వేలు నిక్షేపంలా ఉంది. నాకు మాత్రం పప్పుచారుతో నెట్టుకొచ్చిన నెలల్లోనూ నొప్పి వచ్చింది. తేడా కంచంలో కంటే మూత్రపిండాల్లో ఎక్కువ. గౌట్ తెచ్చేది యూరిక్ యాసిడ్ అనే వ్యర్థం, అందులో సుమారు మూడింట రెండు వంతులను అవే బయటికి పంపాలి, మిగతాది పేగుల పని. ఎస్‌ఎల్‌సి2ఎ9 అనే జన్యువు తయారుచేయించే ప్రొటీన్ ఆ ఆమ్లాన్ని తిరిగి రక్తంలోకి లాగుతుంది. ఎబిసిజి2 జన్యువుది బయటికి నెడుతుంది. ఈ రెండోదానిలో ఒక చిన్న మార్పు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, దానితో ఆ నెట్టే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఆమ్లం పూర్తిగా కరిగి ఉండలేదు, సూదుల్లాంటి స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది. కాలి వేళ్లు ఒంట్లో చల్లని చోటు కదా, ముందు అక్కడే పట్టుకుంటుంది. ఆవుకూ కుక్కకూ ఈ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. మనిషి పూర్వీకులు దాన్ని కోటి ఏళ్లకు ముందే పోగొట్టుకున్నారు!

అమెరికాలో ఐరోపా సంతతివారి మీద చేసిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. మనిషికీ మనిషికీ యూరిక్ యాసిడ్‌లో ఉన్న తేడాలో ఏ ఒక్క ఆహారపు వాటా ఒక శాతం కూడా లేదు, జన్యువులది దాదాపు నాలుగో వంతు. మీ అమ్మకు ఈ ముక్క చదివి వినిపించు. అలాగని బీరు, తియ్యటి శీతల పానీయాలు తాగవచ్చని కాదు, అవి నొప్పిని పిలిచి మరీ తెస్తాయి.

ఇప్పుడు నీ పని. ఒక కాగితం తీసుకుని ఇరువైపుల పెద్దల పేర్లూ రాయి. అమ్మ వైపు వదిలేయకు, ఆ రెండు జన్యువులూ నాలుగో క్రోమోజోము మీదివి, ఎవరి నుంచైనా రావచ్చు. "గౌట్ ఉందా?" అని అడిగితే ఎవరూ ఔననరు. కాలికి వాతం చేసిందా, మూత్రంలో రాళ్లు పడ్డాయా అని అడుగు. నడవలో వేలాడే తాతయ్య ఫొటోను దగ్గరగా చూడు, చెవి దొప్ప అంచున సుద్దముక్కల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. అవి పేరుకున్న యూరిక్ యాసిడ్ స్ఫటికాలే, మేము వాటిని పుట్టుమచ్చలనుకున్నాం. ఆడవాళ్లను తప్పక అడగాలి. నెలసరి ఆగేవరకూ ఈస్ట్రోజన్ వాళ్లను కాస్త కాపాడుతుంది, ఆ తర్వాత వచ్చే నొప్పిని కీళ్ల అరుగుదల అని సరిపెట్టేస్తారు. మీ మేనత్త విషయంలో జరిగింది అదే.

యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్ మందు వాడి ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది కూడా రాయి. హెచ్‌ఎల్‌ఏ-బి 58:01 అనే జన్యు రకం ఉన్నవాళ్లకు ఆ మందు ప్రాణం మీదికి తేవచ్చు. నీకు దద్దురు కనిపించినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టు. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడవచ్చు కనుక తగ్గాక మళ్లీ పరీక్ష చేయించు. మందు రాస్తే 6 కంటే దిగువకు వచ్చేదాకా మోతాదు ఆయనే సర్దుతారు. మొదటి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. నేను అప్పుడే బెదిరి మానేశాను, రెండు కీళ్లు పాడుచేసుకున్నాను.

నీ తమ్ముడికీ ఒకసారి రక్తపరీక్ష చేయించు. మేనత్తకు మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ చెయ్యి, అంతకు ముందైతే నిద్రలో ఉంటుంది, విసుక్కుంటుంది.

మీ పెదనాన్న