యాప్‌లోని తెలుగు పేజీ అక్షరాలు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఎందుకు కనిపిస్తాయి?

మీ యాప్ వెబ్‌వ్యూలో (యాప్ లోపలే వెబ్ పేజీని తెరిచే భాగం) చూపే తెలుగు పేజీ ఒక ఫోన్‌లో బాగుండి, ఇంకో ఫోన్‌లో అక్షరాలు పెద్దవై పట్టిక చెదిరిపోతోందని, అన్నిచోట్లా సైజు ఒకేలా ఉంచడం ఎలా అని అడిగారు. ఇదే సమస్యతో నేను ఒక మామిడి సీజన్ మొత్తం తంటాలు పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నేనుండేది తిరుపతిలో. చిత్తూరు వైపు మామిడి రైతుల కోసం దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్ల ధరలు చూపే చిన్న యాప్ చేశాను. నా ఫోన్‌లో పట్టిక చక్కగా ఉండేది. మా పెదనాయన ఫోన్‌లో మాత్రం చెదిరిపోయింది. ఆయనకు చూపు ఆనదు, సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు చివరిదాకా జరిపి పెట్టుకున్నారు. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ ఆ సెట్టింగ్‌ని బట్టి తన టెక్స్ట్ జూమ్‌ని తానే పెంచుకుంటుంది. మీ దగ్గరా చాలావరకు ఇదే కారణమై ఉంటుంది.

ఎవరినడిగినా ఆ జూమ్ శాతాన్ని నిర్ణయించే సెట్‌టెక్స్ట్‌జూమ్‌కి 100 ఇచ్చేయమంటారు. నేనూ అదే చేశా, పట్టిక కుదిరింది. వారం తర్వాత ఊరికి వెళ్తే, పెదనాయన ధర కనబడక పక్కింటి పిల్లాణ్ణి పిలిచి చదివించుకుంటున్నారు. చాలా బాధేసింది. దయచేసి ఆ 100 పెట్టకండి. ఆ పెద్ద అక్షరాలు ఆయన కావాలని పెట్టుకున్నవి.

అసలు తప్పు నా సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఉంది. వెడల్పు సరిపోవాలని వర్డ్‌బ్రేక్‌కి బ్రేక్‌ఆల్ ఇచ్చాను, అంటే మాట ఎక్కడైనా విరగొచ్చని. దాంతో అక్షరాలు పెరిగినప్పుడు టన్ను ధర 12,000 కాస్తా పై వరసలో "12,0", కింద "00" అయ్యేది. తోతాపురి పేరూ "తోతాపు", "రి" అని విరిగేది. అమ్మకానికి బయల్దేరిన రైతు ఆ అంకెను తప్పు చదివితే ఎంత నష్టం! అది తీసేసి, ధర ఉన్నచోట వరస విరగకుండా వైట్‌స్పేస్‌కి నోర్యాప్ ఇచ్చాను. నాలుగు నిలువు వరసల పట్టిక కూడా మానేసి, ఒక్కో రకానికి ఒక్కో పెట్టె పెట్టాను. పైన పేరు, కింద ధర. ఇప్పుడు అక్షరం పెరిగితే పెట్టె కిందికి సాగుతుంది, అంతే.

ఇక వొత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే 1.2 లైన్‌హైట్ (ఒక్కో వరస ఎత్తు) తెలుగుకు చాలదు, వొత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. 1.6 పెట్టండి, పిక్సెళ్లలో కాకుండా ఉత్త అంకెగా. పెట్టె ఎత్తును పిక్సెళ్లలో కట్టేసి బయటికి వచ్చిందాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఇస్తే అడుగు వొత్తులు తెగిపోతాయి కాబట్టి హైట్ బదులు మిన్‌హైట్ (కనీస ఎత్తు) వాడండి. ఫోన్‌ని బట్టి తెలుగు ఫాంట్ కూడా మారుతుంది. అందుకే నోటో సాన్స్ తెలుగును యాప్ అసెట్స్‌లోనే (యాప్‌తో పాటు వచ్చే ఫైళ్ల ఫోల్డర్) పెట్టుకున్నా. దాని ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అందుకు ఒప్పుకుంటుంది. పేజీ ఆ ఫాంట్‌ని తీసుకోవాలంటే పేజీని వెబ్‌వ్యూలోకి ఎక్కించేటప్పుడు లోడ్‌డేటా కాదు, లోడ్‌డేటావిత్‌బేస్‌యూఆర్‌ఎల్ వాడి అసెట్స్ ఫోల్డర్‌ని బేస్‌గా ఇవ్వాలి.

ఐఫోన్ పద్ధతి వేరు. పేజీ వెడల్పు ఎంతో చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేకపోతే పేజీ వెడల్పు 980 పిక్సెళ్లని లెక్కేసుకుని కుదించేస్తుంది, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. విడ్త్‌కి డివైస్‌విడ్త్, ఇనీషియల్‌స్కేల్‌కి 1 ఇవ్వండి. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు అక్షరాలు ఉబ్బకుండా వెబ్‌కిట్ టెక్స్ట్‌సైజ్‌అడ్జస్ట్‌కి 100 శాతం ఇవ్వాలి. అయితే అక్కడ సెట్టింగ్స్‌లో పెట్టుకున్న పెద్ద అక్షరం పేజీలోకి దానంతటది రాదు. మూల ఫాంట్‌ని, ఫోన్ సెట్టింగ్‌తో పాటు మారే యాపిల్‌సిస్టమ్‌బాడీగా పెట్టి, మిగతా సైజులన్నీ రెమ్‌లలో (మూల ఫాంట్ సైజుకు ఇన్ని రెట్లు అని) రాస్తేనే వస్తుంది.

ఆండ్రాయిడ్ 14 నుంచి ఫాంట్‌ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఒక ఫోన్‌లో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ చివరిదాకా జరిపి, పేజీలో "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా పెట్టి చూడండి. ఏ వొత్తు ఎక్కడ తెగుతోందో అక్కడే కనిపిస్తుంది.