బుట్టలో వేస్తే చీర పక్కన పెట్టాలా?

ప్రశ్న: మాది ఇక్కత్ పట్టుచీరల దుకాణం. ఆన్‌లైన్ దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్ వూకామర్స్‌తో వెబ్‌సైటు కూడా పెట్టుకున్నాం. ఒక్కో డిజైనులో ఒక్క చీరే ఉంటుంది. దసరా ముందు ఒకే చీరకు ఇద్దరు డబ్బు కట్టేశారు. ఎవరైనా సైటులోని బుట్టలో (కార్ట్‌లో) వేయగానే అది ఇంకొకరికి దొరక్కుండా చేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, భూదాన్ పోచంపల్లి

జవాబు: వద్దమ్మా. బుట్టలో వేయడమంటే బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేయడమే. వేసినవాళ్లంతా ఎక్కరు. చీరలు కొనేవారి తీరు మీకు నేను చెప్పాలా? రాత్రి పది చీరలు బుట్టలో వేసి, ఫోటోలు చెల్లెలికి పంపి, నిద్రపోతారు. అలాంటివారు నలుగురు చేరితే తెల్లారేసరికి మీ సైటులో చీర ఉండదు, గల్లాలో రూపాయి ఉండదు.

చీరను ఆపవలసింది ఆర్డరు పెట్టి డబ్బు కట్టబోయే సమయంలో. వూకామర్స్ సెట్టింగ్స్‌లో ప్రొడక్ట్స్, అందులో ఇన్వెంటరీ తెరవండి. 'హోల్డ్ స్టాక్' అనే గడి కనిపిస్తుంది. మామూలుగా అందులో 60 నిమిషాలు ఉంటుంది. అంతసేపు చీరను ఆపి, డబ్బు రాకపోతే ఆర్డరును రద్దు చేస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఆపడమే జరగదు. మీ విషయంలో నాకు మొదటి అనుమానం దాని మీదే. ప్రతి చీరకూ 'స్టాక్ మేనేజ్‌మెంట్' టిక్కు పెట్టి, సంఖ్య 1 అని వేశారో లేదో కూడా చూడండి. ఒంటి చీరకు గంట ఎక్కువ. నేనైతే 15 నిమిషాలు పెడతాను. యూపీఐ పిన్ మరిచి, గుర్తు తెచ్చుకుని కట్టడానికి కూడా అది చాలు.

ఒక మెలిక ఉంది. బ్యాంకు బదిలీ ఎంచుకున్నవారి ఆర్డరు 'ఆన్ హోల్డ్'లో, అంటే డబ్బు అందిందని మీరు చూసుకునేదాకా ఆగే వరుసలో, పడుతుంది. దానికి ఈ గడువు వర్తించదు. మీరు రద్దు చేసేదాకా చీర ఇరుక్కుపోతుంది. పండగ రోజుల్లో ఆ పద్ధతి తీసేయండి. దుకాణంలోనో ఫోన్‌లోనో అమ్మితే, బిల్లు రాసే ముందే సైటులో సంఖ్యను సున్నా చేయండి. ఈ పని అబ్బాయికి అప్పగించండి, సలహా ఇచ్చినందుకు!

గడువు దాటి ఆర్డరు రద్దయ్యాక ఎవరిదైనా డబ్బు వచ్చిపడితే, చీర ఇంకా ఉందో లేదో చూశాకే ఒప్పుకోండి.

ఇక ఆ రెండో కొనుగోలుదారు. ఖాతాలో డబ్బు తగ్గి, అమ్మినవారికి ధ్రువీకరణ చేరకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నియమం పెట్టింది. ఇక్కడ డబ్బు మీకు చేరింది కాబట్టి ఆ నియమం మీద భారం వేయకండి, మీరే ఈరోజే వాపసు పంపండి. ముందుగా ఫోన్ చేసి చెప్పండి. అచ్చం అలాంటిదే నేయిస్తామని మాత్రం మాట ఇవ్వకండి. దారానికి ముడులు కట్టి రంగులద్ది నేసే చీరలో రంగు కలవకపోతే రెండోసారి మాట పడతారు. ముందు డబ్బు పడిన ఆవిడకు చీర పంపించేయండి.