నిన్న 93, ఇవాళ 84: తేడా మిషన్‌లో ఉందా, ఎనలైజర్‌లో ఉందా?

గదిలోని గాలి నుంచి ఆక్సిజన్‌ని వేరుచేసి ఇచ్చే కాన్సంట్రేటర్ మిషన్ ఒకటే, అది ఇచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతమో చూపించే ఎనలైజర్ మీటర్ ఒకటే, అయినా ఒకసారి 93, ఇంకోసారి 86 వస్తోంది, దేన్ని నమ్మాలి అని అడిగారు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్న రెండేళ్లు ఇంట్లో ఆక్సిజన్ మీదే ఉన్నారు.

ఒక రాత్రి మా ఎనలైజర్ 84 చూపించింది. ముందురోజు 93 ఉంది. మిషన్ పోయిందనుకుని నాన్నను సిలిండర్‌కి మార్చి తెల్లవార్లూ కూర్చున్నాను. మర్నాడు టెక్నీషియన్ వచ్చి తన మీటర్‌తో చూస్తే 93. పొరపాటు నా క్యాలిబ్రేషన్‌లో, అంటే మామూలు గాలిలో పెట్టి మీటర్‌ని 20.9 శాతానికి సెట్ చేయడంలో, జరిగింది. ట్యూబు తీశాను గానీ సెన్సర్‌ని టీ (T) ఆకారపు కనెక్టర్‌లోంచి బయటికి తీయలేదు. అందులో కాస్త ఆక్సిజన్ మిగిలిపోయింది. అక్కడ 23 శాతం ఉందనుకోండి, దాన్నే నేను మామూలు గాలి, అంటే 20.9 అని సెట్ చేశాను. లెక్క కట్టి చూడండి, 93 సరిగ్గా 84 దగ్గరికి దిగుతుంది. గాలిలో కనిపించే రెండు శాతం తేడా పెద్ద అంకెల దగ్గర దాదాపు తొమ్మిది శాతం అవుతుంది.

అందుకే క్యాలిబ్రేషన్‌కి ముందు సెన్సర్‌ని పూర్తిగా బయటికి తీయండి. మిషన్‌కి దూరంగా, గాలి ఆడే చోట కొన్ని నిమిషాలు ఉంచండి. చల్లటి గదిలోంచి వేడి గదికి తెచ్చిన వెంటనే సెట్ చేయొద్దు, సెన్సర్‌కి ఆ వేడి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. బ్యాటరీ మార్చినా మళ్లీ క్యాలిబ్రేట్ చేయాల్సిందే.

ఇక అసలు సంగతి. ఈ సెన్సర్లలో ఎక్కువ భాగం చిన్న బ్యాటరీల్లాంటివి. పలుచని పొర గుండా లోపలికి వెళ్లిన ఆక్సిజన్ సీసంతో చర్య జరిపి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ఆక్సిజన్ పీడనాన్ని బట్టి ఉంటుంది. మీటర్ దాన్నే శాతంగా మార్చి చూపిస్తుంది. సముద్రమట్టం దగ్గర సెట్ చేసిన మీటర్‌ని 1500 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తే మామూలు గాలినే 17 శాతం పైచిలుకు అంటుంది. కొలిచే చోటే క్యాలిబ్రేట్ చేయమనేది ఇందుకే. ట్యూబు మడత పడినా, గాలి బయటికి పోయే దారి మూసుకుపోయినా లోపల పీడనం పెరిగి అంకె ఎక్కువ చూపిస్తుంది. తేమ సంగతి దీనికి తలకిందులు. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన గాలిలో ఆక్సిజన్ ఉండేదే దాదాపు 20 శాతం. పైగా నీటిచుక్క పొర మీద కూర్చుంటే రీడింగ్ పడిపోతుంది. కాబట్టి గాలికి తేమ కలిపే నీళ్ల బాటిల్ (హ్యూమిడిఫయర్) దాటాక కాదు, దానికి ముందే కొలవండి. సెన్సర్ ముఖం కిందికి ఉంచండి.

మీటర్ గాలిలో 20.9 చూపిస్తే బాగున్నట్టే అనుకుంటాం. నేనూ అలాగే నమ్మాను. సెన్సర్ ముసలిదయ్యేటప్పుడు ముందు దెబ్బతినేది పై అంకెలు. సీసం అరిగిపోయాక గాలి దగ్గర బాగానే సెట్ అవుతుంది, ఎక్కువ ఆక్సిజన్ దగ్గర మాత్రం తక్కువ చూపిస్తూ మెల్లగా జారిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి మెడికల్ సిలిండరే దారి. అందులో సాధారణంగా 99 శాతం పైనే ఉంటుంది. మీటర్ మాన్యువల్‌లో చెప్పిన ఫ్లో (నిమిషానికి ఎన్ని లీటర్లనేది) పెట్టి, అంకె నిలబడేదాకా ఆగి చూడండి. 90, 91 దగ్గర ఆగిపోతే సెన్సర్ మార్చే టైమ్ వచ్చినట్టే. వాడకపోయినా అది గాలిలోనే అరుగుతుంది, కొన్నప్పటి తేదీ దాని మీదే రాసుకోండి. మీది ధ్వని వేగంతో కొలిచే అల్ట్రాసోనిక్ రకమైతే ఈ సిలిండర్ పరీక్ష చేయకండి, వాటిలో చాలావరకు కాన్సంట్రేటర్ గాలికి మాత్రమే సరిపోయేలా తయారుచేసినవి.

మిషన్ వైపు కూడా ఒక మాట. ఆన్ చేసిన వెంటనే కొలవకండి, పది నిమిషాలైనా నడవనివ్వండి. మీవాళ్లకు పెట్టే ఫ్లో దగ్గరే కొలవండి, ఫ్లో పెంచితే శాతం తగ్గే మిషన్లు ఉంటాయి. 100 రాలేదని కంగారు పడొద్దు. గాలిలో ఉండే ఆర్గాన్ అనే ఇంకో వాయువు ఆక్సిజన్‌తో పాటే వచ్చేస్తుంది కాబట్టి ఇంటి మిషన్ 95, 96 దాటదు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఎనలైజర్ మిషన్ ఇచ్చే గాలిని కొలుస్తుంది, ఒంట్లోకి ఎంత చేరిందో చెప్పదు. దానికి వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ వేరే ఉంది. మనిషి ఆయాసపడుతుంటే మీటర్‌తో కుస్తీ పట్టకుండా సిలిండర్ పెట్టి ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మీ సెన్సర్ ఎప్పటిదో, సిలిండర్ దగ్గర ఎంత చూపించిందో రాయండి. తేడా ఎక్కడుందో అప్పుడు చెప్పగలను.