కంప్యూటర్‌లో ఆడే డీవీడీ ఇంట్లో పాత ప్లేయర్‌లో ఎందుకు ఆడదు?

చాలాసార్లు కారణం ఒకటే: డిస్కులో వీడియోను మామూలు ఫైల్‌గా కాపీ చేసి ఉంటారు, డీవీడీ వీడియో పద్ధతిలో రాసి ఉండరు. పాత ప్లేయర్ వెతికేది వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌ని, అందులో ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించిన వీడియో ఉన్న వీఓబీ ఫైళ్లని, వాటికి దారి చూపే ఐఎఫ్ఓ ఫైళ్లని. కంప్యూటర్‌కి ఆ పట్టింపు లేదు.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం వీడియోను మామూలు ఎంపీ4 ఫైల్‌గానే 4.7 జీబీ డిస్కులోకి ఎక్కించారనుకోండి. ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తుంది, టీవీ కింద పాత ప్లేయర్ మాత్రం చదవనంటుంది. వీడియోను డీవీడీ వీడియో పద్ధతిలోకి మార్చే డీవీడీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌తో రాయాలి, చివర్లో ఫైనలైజ్ కూడా చేయాలి, అంటే వేరే ప్లేయర్లు చదివేలా డిస్కుని ముగించాలి (చాలామంది వదిలేసేది ఇదే).

లెన్స్ పోయిందనుకుని ప్లేయర్‌ని రిపేరుకి ఇచ్చేస్తుంటారు, పాపం దాని తప్పేమీ ఉండదు. ఫైల్ పేరు చివర ఎంపీ4 తీసేసి వీఓబీ అని పెట్టినా లాభం లేదు, లోపలి వీడియో మారదు కదా.